సన్‌రూఫ్ సరే... సూర్యాపేటలో చార్జర్ పనిచేస్తోందా?

కరెంటు కారు కొన్నవాళ్ల కోరికల చిట్టా విప్పితే కంపెనీల ప్రకటనల్లో మెరిసేవి అందులో పెద్దగా కనిపించవు. ప్రకటనల్లో చోటు దొరకనివే ఎక్కువ.

హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన భోజన హోటళ్ల ఆవరణలో ఇప్పుడు పచ్చ నంబరు ప్లేటు కార్లు వరసగా నిలబడి ఉంటున్నాయి. చార్జింగ్ గన్ తగిలించాక అరగంటో ముప్పావుగంటో చేయడానికి పనేమీ ఉండదు. ఇడ్లీ అయిపోతుంది, టీ అయిపోతుంది, ఫోన్ చూసీ చూసీ విసుగొస్తుంది. ఇక పక్క కారాయనతో మాట కలుస్తుంది. పెట్రోలు బంకులో ఎవరూ ఎవరినీ పలకరించరు, వెనక బండివాడు హారన్ కొడుతూ ఉంటాడు కాబట్టి. చార్జింగ్ స్టేషన్ మాత్రం కొత్త రచ్చబండ అయి కూర్చుంది. ‘మీకు ఎంతొస్తోందండీ?’ అన్నది తొలి ప్రశ్న. ఒకసారి నింపితే ఎన్ని కిలోమీటర్లు అని దాని భావం. జవాబు చెప్పాక కోరికల చిట్టా బయటికొస్తుంది. ఇది ఉంటే బాగుండేది, అది పెట్టడానికి వాళ్లకేం పోయింది, పదిహేను లక్షలు తీసుకుని ఇదా ఇచ్చేది...

ఈ గొణుగుడు కారంటే ఇష్టం లేక కాదు. నడిపే ఖర్చు తక్కువ, చప్పుడు లేదు, యాక్సిలరేటర్ తొక్కగానే ఉరుకుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నాకే చిట్టా మొదలవుతుంది. మన దగ్గర మామూలు కుటుంబాలు కొనే కరెంటు కార్ల కథ మొదలై ఎంతో కాలం కాలేదు. 2019 జులైలో హ్యుందాయ్ కోనా, 2020 జనవరిలో ఎంజీ జెడ్ఎస్, టాటా నెక్సాన్ వచ్చాయి. ఇన్నాళ్లలో బ్యాటరీలు పెరిగాయి, తెరలు పెరిగాయి, తలుపుల అంచున రంగురంగుల దీపాలొచ్చాయి. కొన్నవాళ్లు అడిగేది వేరు. కారు తమతో నిజం మాట్లాడాలని, తమను దారిలో దిగబెట్టి పోకూడదని.

ఇంకా ఎంత దూరం?

నెక్సాన్ 45 యూనిట్ల బ్యాటరీ కారుకు ప్రయోగశాల ఇచ్చిన దూరం 489 కిలోమీటర్లు. అదే కారుకు రోడ్డు మీద వచ్చేది 350 నుంచి 370 అని టాటా సంస్థే ‘సీ75’ పేరుతో చెబుతోంది. నలుగురిలో ముగ్గురు వినియోగదారులకు వచ్చే దూరం అని దాని లెక్క. రెండు అంకెల మధ్య నూటపాతిక కిలోమీటర్ల తేడా. అంటే హైదరాబాద్ నుంచి దాదాపు సూర్యాపేట దాకా కాగితం మీదే నడిచిన దూరమన్నమాట. ఆ రెండో అంకె కూడా చెబుతున్నందుకు మెచ్చుకోవాలి. ప్రతి కంపెనీ ఈ పద్ధతికి రావాలన్నది చిట్టాలో మొదటి కోరిక.

రెండోది డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె. చాలా కార్లు ఇంతకుముందు నడిపిన తీరునుబట్టి మిగిలిన దూరాన్ని అంచనా కడతాయి. నిన్నంతా అమీర్‌పేట ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగిన కారు, పొద్దున బయల్దేరేటప్పుడు గొప్ప ఆశ చూపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు దాటి వంద మీద పరుగెత్తించాక ఆ అంకె కళ్లముందే కరుగుతుంది. ఇందులో మాయ లేదు, గాలి ఉంది. వేగం 80 నుంచి 100కు పెంచితే ప్రతి కిలోమీటరుకూ గాలిని చీల్చడానికయ్యే శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ సంగతి కారులోని కంప్యూటరుకు తెలియనిది కాదు. ‘ఇదే వేగంతో వెళితే విజయవాడ చేరేసరికి 9 శాతం మిగులుతుంది, 85కు తగ్గిస్తే 20 మిగులుతుంది’ అని చెప్పమంటే చెప్పగలదు. విదేశాల్లో కొన్ని కార్లు దారి ఎత్తుపల్లాలు, ఏసీ వాడకం, ఎండ చూసుకుని ఇలాగే చెబుతున్నాయి. ఇక్కడ చాలామంది యజమానులు కాగితం, పెన్ను, మనసులో కూడికలతోనే నెట్టుకొస్తున్నారు. కొందరైతే కిలోమీటర్ల గొడవే వద్దు, ఎన్ని యూనిట్లు మిగిలాయో చెబితే లెక్క మేమే వేసుకుంటాం అంటారు. మంచి రోడ్డు మీద యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లని అందరికీ అలవాటైపోయింది.

శాతాల లెక్కా ఒక్కోసారి మోసం చేస్తుంది. ఇప్పుడు మన కార్లలో ఎక్కువగా వాడేవి ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీలు. వేడిని బాగా ఓర్చుకుంటాయి, ఎక్కువ కాలం మన్నుతాయి. ఒక్కటే చిక్కు. నిండుగా ఉన్నా, సగం ఖాళీ అయినా వాటి వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే ఎంత మిగిలిందో కొలవడం కష్టమై లెక్క మెల్లగా పక్కకు జరుగుతుంది. అప్పుడప్పుడూ నూరు శాతం నింపమని కంపెనీలు చెప్పేది ఆ లెక్క సరిదిద్దుకోవడానికే. ఈ కారణం చెప్పకుండా ‘నింపండి’ అని మాత్రం పుస్తకంలో రాస్తే, ఉన్నట్టుండి 14 నుంచి 8 శాతానికి పడిపోయినప్పుడు యజమాని గుండె కూడా దాంతోపాటే పడిపోతుంది.

ఇక రిజర్వ్. పాత స్కూటర్లు, బైకులు నడిపినవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. బండి రిజర్వ్‌లో పడితే కిందికి వంగి పెట్రోలు నాబ్ తిప్పేవాళ్లం, బంకు దాకా ధైర్యం వచ్చేది. కరెంటు కారులోనూ అలాంటి నాబ్ ఎందుకు లేదన్నది న్యాయమైన ప్రశ్న. సున్నా చూపించాక కూడా బ్యాటరీలో కొంత దాచి ఉంచే కార్లున్నాయి, అదెంతో ఒక్కో కారుకు ఒక్కోలా. తెలియని నిల్వను నమ్ముకుని ఎవరు వెళ్తారు? చిత్రమేమిటంటే ఈ కోరిక మన దేశంలో ఎప్పుడో తీరింది. బెంగళూరులో పుట్టిన రేవా సంస్థ ‘రివైవ్’ అనే ఏర్పాటు చేసింది. చార్జి అయిపోయి ఆగిపోతే కంపెనీకి కబురు పెట్టాలి, వాళ్లు దూరం నుంచే దాచిన కొద్దిపాటి శక్తిని విడుదల చేస్తారు, దాంతో మరికొన్ని కిలోమీటర్లు వెళ్లి చార్జర్ చేరుకోవచ్చు. 2013లో మహీంద్రా రేవా తెచ్చిన ఈ2ఓ కారులో ఇది ఉంది. ఆ కారు వంద కిలోమీటర్లు నడిచే బుల్లి బండి. ఇప్పుడు దానికి నాలుగైదు రెట్లు నడుస్తామనే కార్లు వచ్చాయి గానీ ఆ భరోసా మాత్రం దానితోనే వెళ్లిపోయింది.

మ్యాప్‌లో పచ్చచుక్క

దూరం తక్కువైనా సర్దుకుంటాం, దారిలో చార్జర్ మీద నమ్మకముంటే చాలంటారు ఎక్కువమంది. ఆ నమ్మకమే లేదు. ఫోనులో పచ్చచుక్క చూసి వెళితే యంత్రం తెర నల్లగా ఉంటుంది. లేదా తెర వెలుగుతుంది, గన్ పెడితే ‘ఎర్రర్’ అంటుంది. అదీ కాకపోతే దాని ముందు పెట్రోలు కారు పార్కు చేసి, డ్రైవర్ భోజనానికి వెళ్లి ఉంటాడు. అందుకే బయల్దేరే ముందు హోటల్ వాచ్‌మన్‌కు ఫోన్ చేసి ‘అన్నా, మిషన్ పనిచేస్తోందా?’ అని అడిగి కదిలేవాళ్లున్నారు. ఇంత సాంకేతికతలో ఆఖరికి నమ్మదగ్గ సెన్సరు వాచ్‌మన్ అన్నయ్యే!

యజమానులు అడిగేది చిన్న సమాచారం. ఆ యంత్రం మీద చివరిసారి ఏ కారైనా విజయవంతంగా చార్జి అయింది ఎప్పుడు? ఈ ఒక్క ముక్క కారు తెర మీద కనిపిస్తే సగం ఆందోళన తీరుతుంది. ‘గంట క్రితం’ అంటే వెళ్లొచ్చు. ‘నాలుగు రోజుల క్రితం’ అంటే ముందుకు సాగిపోవచ్చు. దాంతోపాటు ఇంకో నిజం కూడా చెప్పాలి. 60 కిలోవాట్లని బోర్డు పెట్టిన యంత్రానికి రెండు గన్‌లు ఉండొచ్చు, రెండో కారు రాగానే చాలాచోట్ల శక్తి సగం సగం అవుతుంది. అరగంట పని గంటవుతుంది.

ఆ తర్వాత యాప్‌ల బాధ. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వ్యాలెట్, అందులో ముందే వేసిన మూడు వందలు, మిగిలిపోయిన నలభై రెండు రూపాయలు. కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉన్న దేశంలో కారుకు కరెంటు కొనాలంటే ఓటీపీ రావాలి, అదీ సిగ్నల్ లేని చోట. అన్ని కంపెనీల చార్జర్లనూ ఒకే యాప్ కిందికి తెచ్చే పనిని కేంద్ర భారీ పరిశ్రమల శాఖ 2025లో బీహెచ్ఈఎల్‌కు అప్పగించింది. అది వస్తే మంచిదే. నిజానికి యాప్ కూడా అక్కర్లేదు. గన్ తగిలించగానే కారే తనెవరో చెప్పుకుని, డబ్బు కట్టించి, చార్జింగ్ మొదలుపెట్టే ప్రమాణం ఐఎస్ఓ 15118 పేరుతో ఎప్పుడో తయారైంది. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చేసే పనికి మనం అలవాటుపడ్డాం కదా, ఇదీ అలాంటిదే.

ధర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కరెంటు కారు కొంటే జీఎస్టీ 5 శాతం. బయట దానికి చార్జింగ్ చేయిస్తే 18 శాతం. ఈ తిరకాసును కారు కంపెనీ తీర్చలేదు, ఢిల్లీయే తీర్చాలి.

కొత్త కార్లు కొన్నింటికి తెలుగు అర్థమవుతుంది. తెలుగులో చెబితే కిటికీ దించుతాయి, పైకప్పు తెరుస్తాయి, సంతోషం. సూర్యాపేటలో చార్జర్ పనిచేస్తోందా అని తెలుగులో అడిగితే తెలుగులో నిజం చెప్పే కారు కోసం ఎదురుచూపు.

ఊళ్లో ఎర్తింగ్

సంక్రాంతికి సొంతూరు వెళ్లినవాళ్లకు ఎదురయ్యే సమస్య నగరాల్లో కూర్చుని కార్లు గీసేవాళ్లకు తట్టినట్టు లేదు. కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జర్‌ను 15 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే రాత్రికి రాత్రి చాలావరకు నిండాలి. ఊళ్లో పెడితే ఎర్రలైటు వెలుగుతుంది. కారణం ఎర్తింగ్. ఇల్లు కట్టినప్పుడు తవ్విన గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వదిలేశారు, ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఎండాకాలం భూమి ఎండిపోతే ఎర్తింగ్ ఇంకా బలహీనపడుతుంది. అల్లుడు వచ్చి గుంతలో బిందెడు నీళ్లు పోయమంటే అత్తగారింట్లో వింతగా చూస్తారు గానీ, పని మాత్రం జరుగుతుంది!

చార్జర్ మొరాయించడం తప్పు కాదు, అది మన ప్రాణాల కోసమే. అడిగేదల్లా ఆ ఎర్రలైటుకు మాట రావాలని. ఎర్తింగ్ లేదా? వోల్టేజీ తక్కువా? సాకెట్ వేడెక్కుతోందా? ఈ మూడింటికీ మూడు మందులు. ఒకే దీపాన్ని రకరకాలుగా మిణుకు మిణుకుమనిపించి, అర్థం కోసం పుస్తకం 87వ పేజీ చూడమంటే అర్ధరాత్రి వాకిట్లో ఎవరు చూస్తారు? కరెంటు బలహీనంగా ఉన్నచోట 15 ఆంపియర్ల బదులు 10కో, 6కో తగ్గించి తీసుకునే వీలు ప్రతి కారులో ఉండాలి. నెమ్మదిగానైనా తెల్లారేసరికి కొంత ఎక్కుతుంది, పాత వైరింగ్ కాలిపోదు.

అపార్ట్‌మెంట్ల తంటా వేరే వ్యాసమంత ఉంటుంది. ఇంటి కనెక్షన్‌తోనే కారు చార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ మాట సంఘం కార్యదర్శి గారికి చూపించడం వరకే మనం చేయగలిగింది.

రామగుండం ఎండ, తిరుమల ఘాట్

యూరప్, అమెరికా కార్లు చలికి భయపడి తయారయ్యాయి. 2024 జనవరిలో షికాగోలో చలి గడ్డకట్టించినప్పుడు చార్జర్ల దగ్గర కార్లు బారులు తీరి నిలిచిపోయాయి. అక్కడి తెలుగువాళ్లు కారు కొనేటప్పుడు తక్కువ కరెంటుతో లోపల వెచ్చబరిచే హీట్ పంప్ ఉందా అని అడుగుతారు. మనకు కావలసింది దానికి తలకిందులు. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో ముందు మనుషులను చల్లబరచాలి, బ్యాటరీనీ చల్లబరచాలి. వేడెక్కిన బ్యాటరీ చార్జింగ్ వేగాన్ని తనకు తానే తగ్గించేసుకుంటుంది. కాబట్టి చార్జర్‌కు చేరే లోపే బ్యాటరీని చల్లబరిచి సిద్ధం చేసే ఏర్పాటు, గన్ తగిలించి ఉండగానే ఆ కరెంటుతోనే కారు లోపలా చల్లబరిచే వీలు కావాలి. సీట్లలోంచి చల్లగాలి వచ్చే సౌకర్యాన్ని పై వేరియంట్లకే దాచిపెట్టడం అన్యాయం. మన ఎండలకు అది విలాసం కాదు, దానివల్ల ఏసీ కాస్త తగ్గించుకోవచ్చు. నెత్తిన గాజు కప్పు పెట్టి, కింద దానితో పోరాడే ఏసీ పెట్టి, రెండింటికీ డబ్బు తీసుకోవడం మాత్రం భలే వ్యాపారం.

ఘాట్ రోడ్డు లెక్క సరదాగా ఉంటుంది. నలుగురితో పదిహేడు వందల కిలోల బరువున్న కారు తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కాలంటే ఆ ఎత్తుకు మోయడానికే దాదాపు మూడు యూనిట్లు అదనంగా కావాలి. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి అందులో కొంత తిరిగిస్తుంది, బ్రేకులూ వేడెక్కవు. అయితే కొండ మీద నూరు శాతం నింపుకుని దిగడం మొదలుపెడితే తిరిగొచ్చే శక్తిని దాచడానికి బ్యాటరీలో చోటుండదు, మోటారు పట్టు సడలిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. ఎనభై శాతం దగ్గర ఆపేసే అమరిక అన్ని కార్లలో ఉండాలని అడిగేది బ్యాటరీ ఆయుష్షు కోసమే కాదు, ఇందుకూ. అన్నట్టు, మోటారు పట్టును మరీ గట్టిగా పెట్టుకుని మలుపులు దిగితే వెనక సీట్లో పిల్లలకు వాంతులు ఖాయం. ఆ పట్టును స్టీరింగ్ దగ్గరి మీటతో మార్చుకునేలా ఉండాలి, తెర మీద మూడు పేజీలు తిప్పి కాదు. మలుపు మీద ఎవరు తెర చూస్తారు? ఈ తెరల పిచ్చి మీద యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా విసిగిపోయింది. ఇండికేటర్లు, హారన్, వైపర్ల వంటి వాటికి చేతికి తగిలే మీటలుండాలని 2026 నుంచి షరతు పెట్టింది.

స్టెప్నీ ఏదీ?

డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీ ఉండదు. దాని బదులు చిన్న డబ్బా, గాలి కొట్టే పంపు. టైరు గాలి చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఇస్తే స్టెప్నీ లేకున్నా ఫర్వాలేదని 2020లో నిబంధన సడలించారు. బ్యాటరీకి చోటు కావాలి, బరువు తగ్గాలి, నిజమే. కానీ ఆ డబ్బాలోని జిగురు మేకు గుచ్చుకుంటే పనికొస్తుంది, గుంత అంచుకు తగిలి టైరు పక్కగోడ చిరిగితే పనికిరాదు. నల్లమల అడవి దారిలో రాత్రి ఎనిమిదింటికి ఆ తేడా బాగా తెలిసొస్తుంది. డబ్బు తీసుకుని అయినా సరే, సన్నపాటి స్టెప్నీ ఇమ్మనండి.

దీనికంటే విచిత్రం 12 వోల్టుల బ్యాటరీ. నలభై, యాభై యూనిట్ల మహా బ్యాటరీ కింద ఉన్నా, కారును నిద్రలేపేది పాత పద్ధతి చిన్న బ్యాటరీయే. అది చచ్చిపోతే తాళం తెరుచుకోదు, తెర వెలగదు, చార్జింగూ ఎక్కకపోవచ్చు. మనవడిని చూసుకోవడానికి ఆర్నెల్లు అమెరికా వెళ్లొచ్చిన అమ్మానాన్నలకు సెల్లార్‌లో ఎదురయ్యేది ఇదే. ఎక్కువకాలం నిలిపి ఉంచితే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి అప్పుడప్పుడూ కాస్త అందించే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంది. అన్నింటిలో ఉండాలి. గన్ ఇరుక్కుపోతే విడిపించే తాడు ఎక్కడుందో చార్జింగ్ మూత లోపలే బొమ్మ వేసి చూపాలి. రాత్రిపూట ఆ మూత దగ్గర చిన్న దీపం కావాలి. ఇవన్నీ వందల రూపాయల్లో తేలే పనులు.

కారులో కరెంటుంది, ఇంట్లో లేదు

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను చుట్టేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయంలో వాకిట్లో సగం నిండిన 45 యూనిట్ల కారు ఉందనుకోండి. ఫ్యాన్లు, దీపాలు, ఫ్రిజ్, ఫోన్లు కలిపి పొదుపుగా వాడితే రోజుకు నాలుగైదు యూనిట్లు. అంటే నాలుగైదు రోజుల ఇన్వర్టరు ఇంటిముందే నిలబడి ఉన్నట్టు. కారు నుంచి బయటికి కరెంటు ఇచ్చే వీ2ఎల్ సౌకర్యం 2023 నుంచి నెక్సాన్‌లో, ఆ తర్వాత క్రెటా ఎలక్ట్రిక్ వంటి కార్లలో వచ్చింది. చిన్న కార్లు కొనేవాళ్లకూ అది కావాలి, వాళ్ల ఇళ్లలోనే ఇన్వర్టరు ఉండే అవకాశం తక్కువ. దాని తర్వాతి మెట్టు ఇంటి మొత్తానికీ కారు నుంచే ఇవ్వడం. ఇక్కడ ఒక హెచ్చరిక. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో కారు తీగను మెయిన్ బోర్డుకు కలిపించే సాహసం ఎవరూ చేయొద్దు. ఆ కరెంటు వెనక్కి పారి స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. వీధి లైను నుంచి ఇంటిని పూర్తిగా విడదీసే స్విచ్చు ఉండాలి, కంపెనీలు, డిస్కంలు కలిసి దానికి పద్ధతి పెట్టాలి.

చిట్టాలో చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది బ్యాటరీ ఆరోగ్యం. పాత పెట్రోలు కారు కొనేటప్పుడు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకెళితే ఇంజిన్ శబ్దం విని చెప్పేస్తాడు. కరెంటు కారు ముందు అతను కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2026 మోడల్ కార్ల నుంచి బ్యాటరీ ఎంత ఆరోగ్యంగా ఉందో కారులోనే యజమానికి చూపాలని నియమం పెట్టింది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి కారు బ్యాటరీలకు క్యూఆర్ కోడ్‌తో ‘పాస్‌పోర్టు’ వస్తోంది. మన దగ్గర కంపెనీలు జీవితకాల వారంటీ అంటూ పోటీ పడుతున్నాయి. చిన్న అక్షరాల్లో చదివితే ఆ జీవితం మొదటి యజమానిది. రెండో చేతికి మారగానే షరతులు మారతాయి. బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యంలో ఎంత మిగిలిందో ఒక్క అంకె డ్యాష్‌బోర్డు మీద చూపితే పాత కార్ల బజారు కుదుటపడుతుంది, కొత్త కారు కొనేవాడికీ ధైర్యం వస్తుంది. ఆ అంకె కారు లోపలి కంప్యూటరులో ఇప్పటికే ఉంది. సర్వీస్ సెంటర్ వాళ్లు తమ యంత్రం తగిలించి చూస్తున్నారు. యజమానికి చూపించడానికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు, మనసుంటే చాలు.

తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31. ఆ లోపు కొనాలనుకునేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ను షోరూమ్ చుట్టూ నాలుగు కిలోమీటర్లతో ముగించకండి. కారును మీ ఇంటికి తీసుకురమ్మనండి. వాళ్ల పోర్టబుల్ చార్జర్‌ను మీ సాకెట్‌లో పెట్టించి పచ్చలైటు వెలుగుతుందో లేదో చూడండి. డిక్కీ తెరిపించి స్టెప్నీ ఎక్కడని అడగండి. ఎనభై శాతం దగ్గర చార్జింగ్ ఆపే అమరిక, బ్యాటరీ ఆరోగ్యం తెర మీద ఎక్కడున్నాయో చూపించమనండి. ‘తర్వాత అప్‌డేట్‌లో వస్తుంది సార్’ అంటే ఎప్పుడొస్తుందో రాసిమ్మనండి.